ఫజ్లియా రెండు మౌత్‌పీసులు

ఫజ్లియా చిన్నప్పుడు వాడివి ఆడపిల్ల పెదవులని పేటంతా ఎగతాళి చేసేది. అలా నవ్విన వాళ్ళే పెద్దయ్యాక, కూతుళ్ళకి సంబంధాలు కుదిరాక, అతని గుమ్మం ముందు టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఆ నిలబడ్డ వాళ్ళలో మా బాబాయి కూడా ఒకడు, ఇప్పుడడిగితే ఒప్పుకోడు. యుగోస్లావియా ఇంకా ఒక్క దేశంగా ఉన్న రోజులవి. వ్రాన్యే పట్నానికి ఎగువన, కొండ కింద, దోన్యే వ్రేలో అనే ఊరు మాది. ఊరి చివర మా రోమాల పేట, బయటివాళ్ళు జిప్సీలంటారే, ఆ మేమే. ఏ ఇంట్లోకి తొంగి చూసినా గోడకి ఒక ఇత్తడి బాకా వేలాడుతూ ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళయినా, పిల్లాడికి పేరు పెట్టినా, మనిషి పోయినా మా పేట మేళం రావాల్సిందే.

మేళంలో మొదటి బాకా ఫజ్లియా తండ్రి రెజెప్‌ది. బాకా ఎవరిదైనా ఊదొచ్చు గాని, బాకా కొసన పెదవులు ఆనించే ఆ చిన్న ఇత్తడి గిన్నె, మౌత్‌పీసు, ఎవరిది వాళ్ళకే ఉండాలని ఆయన పట్టు. కొడుక్కి మౌత్‌పీసు ఎంచిన రోజున పొద్దున్నే ఏమీ తినకముందే గడప మీద వెలుతురులో కూర్చోబెట్టాడు. సంతలో గుర్రానికి చూసినట్టు పై పెదవి ఎత్తి పళ్ళు చూశాడు. సంచిలోంచి ఒక్కొక్క మౌత్‌పీసూ తీసి పెదవులకి నొక్కి, తీసి, పడిన గుండ్రటి ముద్రని చూసి తల అడ్డంగా ఊపాడు. మిరపకాయలు తిన్న రోజున మౌత్‌పీసు ఎంచకూడదు, ఎవరితోనైనా దెబ్బలాడిన రోజున ఎంచకూడదు, ఏడ్చిన రోజున అసలే ఎంచకూడదు అనేవాడు. ఏడ్చిన పెదవి ఉబ్బుతుంది, దాని మాట నమ్మడానికి లేదట. వారం రోజులు ఇలా వెతికాక ఒకటి దొరికింది. లోతు తక్కువ, అంచు సన్నం. దాంతో ఊదితే స్వరం మూడు పెరళ్ళ అవతలికి కూడా చెక్కుచెదరకుండా వెళ్ళేది. "ఇది నీ పెళ్ళిది," అన్నాడు రెజెప్. ఇంకో ఏడాదికి రెండోది ఇచ్చాడు. అది వెడల్పు, లోతెక్కువ. "ఇది చావుది."

పెళ్ళిదానికి పెదవులు పొడిగా, గట్టిగా, నిలకడగా ఉండాలి. ఇసుమంత వాచినా అది పలకదు, పలికినా స్వరం పిట్టలా కీచుమంటుంది. చావుది అలా కాదు. తడి పెదవులతో ఊదినా, వణికే పెదవులతో ఊదినా ఓర్చుకుంటుంది, స్వరం గుండెల్లోంచి వచ్చినట్టు బరువుగా వస్తుంది. అందుకే దాన్ని చావులకి పెట్టుకున్నారు. ఇక కట్టుబాటు ఒకటుంది. పెళ్ళిది కొండ మీది కాటికి ఎక్కకూడదు. ఎక్కిందా, మళ్ళీ జన్మలో పెళ్ళింటి గడప తొక్కకూడదు. పెళ్ళికాని పిల్ల ఎవరైనా పోతే పెళ్ళిబట్టలు కట్టి, పెళ్ళిపాట వాయిస్తూనే తీసుకెళ్తారు మా వైపు, కానీ ఆ పాటని కూడా చావుదాంతోనే ఊదుతారు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నన్నడక్కండి. మీరిన మనిషిని మాత్రం ఒక్కణ్ణే చూశాను నేను.

రెజెప్ పోయాక మొదటి బాకా ఫజ్లియాకి వచ్చింది. తమ్ముడు సబ్రియా రెండో బాకా. ఫజ్లియాని అందరూ పిలిచేది ముఖ్యంగా ఒక్క పాట కోసం. పెళ్ళికూతురు పుట్టింటి గడప దాటేటప్పుడు ఊదే పాట అది, నెమ్మదిగా సాగుతుంది. పిల్ల ఒక కాలు లోపల, ఒక కాలు బయట ఉన్నప్పుడు స్వరం విరిగితే ఆ కాపురం విరుగుతుందని మా వాళ్ళ నమ్మకం. ఫజ్లియా ఊదితే స్వరం విరగదు. ఆ కొండల కింద ఎంతమంది ఆడపిల్లలు అతని బాకా పాట మీద అడుగు పెట్టి అత్తారిళ్ళకి వెళ్ళారో ఎవరూ లెక్క పెట్టలేదు.

ఇంట్లో మాత్రం అతని మాట చెల్లేది కాదు. భార్య ఆనిఫా నోరు సామాన్యమైనది కాదు. మాట అన్నాక ఆలోచించే మనిషి, అన్నమాట వెనక్కి తీసుకోవడం చేతకాని మనిషి. కానీ మేళగాడి పెళ్ళాంగా ఆమెకి వంక పెట్టడానికి లేదు. పెళ్ళిళ్ళకి బయల్దేరేముందు అతని పెదవులకి తనే వెన్న రాసేది, ముందురోజు కూరలో కారం తగ్గించేది, మౌత్‌పీసుల్ని వేణ్ణీళ్ళతో కడిగి వేరువేరు గుడ్డల్లో చుట్టి వేరువేరు జేబుల్లో పెట్టేది. వాళ్ళకి చాలా ఏళ్ళు పిల్లల్లేరు. ఆశ వదులుకున్నాక సెవ్దా పుట్టింది. పుట్టిన రోజున ఫజ్లియా పేటంతా తిరిగి బాకా ఊదాడు, రకియా సారా పోసినవాళ్ళ ఇంటి ముందు రెండుసార్లు ఊదాడు.

సెవ్దా మౌత్‌పీసుల మధ్య పెరిగింది. తండ్రి సాధన చేస్తుంటే వంటింట్లోంచి కాల్చిన మిరపకాయలు ఒలుస్తూనే, "నాన్నా, మూడో స్వరం జారింది," అని కేకేసేది.

"ఎక్కడ జారిందే?"

"జారింది. నాకు వినపడింది. రాత్రి వంకాయ కూర నాలుగుసార్లు వడ్డించుకుంటే జారదూ మరి?"

అతనికి కోపం వచ్చేది కాదు. మళ్ళీ ఊదేవాడు. ఆ పిల్ల ఊఁ అనేదాకా ఊదేవాడు.

సెవ్దాకి వ్రాన్యేలో చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసే ఎర్దాన్‌తో కుదిరింది. నెమ్మదస్తుడు, ఆనిఫా నోటికి కూడా నచ్చాడు, అంతకంటే ఏం చెప్పాలి. వసంతకాలంలో జుర్జెవ్‌దాన్ పండగతో మా వైపు పెళ్ళిళ్ళు మొదలవుతాయి. పండగ వెళ్ళిన ఆదివారానికి ముహూర్తం పెట్టారు. పెళ్ళికూతురి తండ్రి తన ఇంటి పెళ్ళిలో వాయించడు, అతిథుల్ని చూసుకుంటాడు, అది పద్ధతి. వాయించడానికి సబ్రియా ఉండనే ఉన్నాడు. అలా అనుకుంటుండగా ఒకరోజు పెరట్లో తండ్రి బాకా తుడుచుకుంటుంటే సెవ్దా వచ్చి పక్కన కూర్చుంది.

"నాన్నా, ఊళ్ళో అమ్మాయిలందర్నీ నువ్వే గడప దాటించావు. నన్నెవరు దాటిస్తారు?"

"మీ బాబాయి."

"బాబాయిది రెండో బాకా. నేను రెండో బాకా మీద వెళ్ళను."

"ఒసేయ్, నేను పెళ్ళికూతురి తండ్రినే. నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ. నువ్వే ఊదాలి. పెళ్ళిదాంతో ఊదాలి. ఏడ్చావంటే మాత్రం ఊరుకోను. నువ్వు ఏడిస్తే స్వరం విరుగుతుంది, స్వరం విరిగితే నేను మీ నెత్తిన వచ్చి కూర్చుంటాను. అమ్మకి చెప్పకు. అమ్మ గుమ్మంలో నిలబడి విని ఆశ్చర్యపోవాలి."

"ఏడవను లేవే."

"ఒట్టు వెయ్యి."

ఒట్టు వేశాడు. సబ్రియాకి మాత్రం చెప్పాడు, మేళంలో తెలియాలి కాబట్టి. ఆ శీతకాలమంతా ఆనిఫా పొలానికో సంతకో వెళ్ళినప్పుడు తండ్రీకూతుళ్ళు తలుపేసుకుని ఆ పాట సాధన చేసేవాళ్ళు. సెవ్దా గడప మీద అటు ఒక కాలు, ఇటు ఒక కాలు పెట్టి నిలబడేది. కూతుర్ని అలా చూస్తే చాలు, ఫజ్లియా స్వరం విరిగేది. "చూశావా," అనేది ఆ పిల్ల నవ్వుతూ, "మళ్ళీ మొదలెట్టు." పండగ దగ్గరపడేసరికి అతను చూసి కూడా విరగకుండా ఊదగలిగాడు.

పండగకి ముందు, పెళ్ళిబట్టలు కుట్టి వచ్చాక, సెవ్దాకి జ్వరం తగిలింది. మామూలు జ్వరమే అనుకున్నారు. తర్వాత మెడ తిప్పలేకపోయింది, తర్వాత మనుషుల్ని గుర్తుపట్టలేకపోయింది. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తే మెదడుకి పాకిందన్నారు. వాళ్ళు చేయగలిగింది చేశారు. బండిలో పంపించిన పిల్లని అదే బండిలో దుప్పటి కప్పి తిరిగి తెచ్చుకున్నారు.

ఆనిఫా ఏడుపు కొండ అవతలికి వినపడింది. ఎర్దాన్ వచ్చి అరుగు మీద కూలబడ్డాడు, లేపడానికి ఇద్దరు కావలసి వచ్చింది. పేటలో ఆడవాళ్ళూ మగవాళ్ళూ అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. ఏడవనివాడు ఒక్క ఫజ్లియా. బండిలోంచి కూతుర్ని దించాక అతను పెరట్లోకి వెళ్ళి కట్టెలు కొట్టడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళు శోకం ఎత్తుకుంటే లేచి బావి దగ్గరికి వెళ్ళేవాడు, చల్లటి నీళ్ళలో గుడ్డ తడిపి పెదవుల మీద పెట్టుకునేవాడు. సెవ్దాకి తెల్లటి పెళ్ళిబట్టలు కట్టి, తలలో పూలు పెట్టి, "రా, నీ కూతుర్ని ఒక్కసారి చూసుకో," అని పిలిస్తే రానన్నాడు. చూస్తే అయిపోతుందని అతనికి తెలుసు. లోపలి బుగ్గ నెత్తురొచ్చేలా కొరుక్కుంటూ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మా పేట నోళ్ళ సంగతి నాకు తెలుసు, అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. కన్నకూతురు పోతే కంట తడి పెట్టని మనిషిని ఇప్పుడే చూస్తున్నాం అన్నారు.

మర్నాడు తీసుకెళ్తారనగా సబ్రియా అన్నని పెరటి మూలకి తీసుకెళ్ళాడు.

"అన్నా, నీ ఒట్టు సంగతి నాకు తెలుసు. అది పెళ్ళి కోసం వేసిన ఒట్టు. ఇది పెళ్ళి కాదు."

"గడప అదే కదరా."

"చావుదాంతో ఊదు. పాట అదే ఊదు, ఎవరు వద్దన్నారు? దాంతో అయితే ఏడుస్తూ ఊదొచ్చు. తండ్రివి, ఎవడూ తప్పు పట్టడు. పెళ్ళిది కొండెక్కిందంటే మళ్ళీ దాన్ని ఏ పెళ్ళికి తెస్తావు? నీ మూతికి అది తప్ప ఇంకోటి పట్టదు. పెళ్ళిళ్ళు లేకపోతే నువ్వేం చేస్తావన్నా?"

"పెళ్ళిదాంతో ఊదాలని అడిగిందిరా. ఏడవొద్దని అడిగింది. ఇంకేం అడగలేదు నన్ను."

"పోనీ, వదినకైనా చెప్పనీ. వదిన నిన్ను ఎంతెంత మాటలంటోందో వింటున్నావా?"

"చెప్పకు. చెబితే వచ్చి నన్ను పట్టుకుని ఏడుస్తుంది. అప్పుడిక నేను నిలబడలేను సబ్రియా."

సబ్రియా నోరు మూసుకున్నాడు. మూసుకోకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అన్నాడు.

తీసుకెళ్ళే రోజు పొద్దున ఆనిఫా నీళ్ళ కోసం పెరట్లోకి వచ్చేసరికి ఫజ్లియా బావి గట్టు మీద కూర్చుని పెదవులకి వెన్న రాసుకుంటున్నాడు. ఆమె బిందె కింద పెట్టేసింది.

"ఏంటది?"

అతను రాసుకుంటూనే ఉన్నాడు.

"చావుదానికి ఇన్ని సోకులెందుకయ్యా? ఎంత ఏడ్చిన మూతితోనైనా దాన్ని ఊదొచ్చు. నాకు తెలీదనుకున్నావా? పెళ్ళయిన నాటినించీ ఆ మూతికి వెన్న రాసి పంపించినదాన్ని." గొంతు పోయింది ఆమెకి, అయినా ఆపలేదు. "పండగొస్తోంది. పెళ్ళిళ్ళొస్తున్నాయి. మూతి వాస్తే పెళ్ళిళ్ళకి పనికిరావు. అందుకని దాచుకుంటున్నావు. నా బిడ్డ లోపల పడుకుని ఉంటే నువ్విక్కడ మూతి దాచుకుంటున్నావు."

వేరే ఆడదైతే ఇంత దూరం ఆలోచించేది కాదు. మేళగాడి పెళ్ళాం కాబట్టే, పెదవుల సంగతి క్షుణ్ణంగా తెలుసు కాబట్టే, ఆనిఫా అంత తప్పుగా లెక్క కట్టింది. ఫజ్లియా ఆమె వైపు చూశాడు. ఒక్కమాట చెబితే సరిపోయేది. ఆ మాట నోట్లోంచి వస్తే దాని వెనకే మిగతాదంతా వస్తుందని భయపడి, లేచి బాకా తీసుకోవడానికి వెళ్ళాడు.

మేళం గుమ్మానికి ఎదురుగా నిలబడింది.  నలుగురు మోసుకుంటూ సెవ్దాని గడప దగ్గరికి తెచ్చారు. ఎర్దాన్ పెళ్ళికి కుట్టించుకున్న కోటు వేసుకుని, కోటుకి పువ్వు గుచ్చుకుని పక్కన నడుస్తున్నాడు. ఫజ్లియా లోపలి జేబులోంచి సన్న అంచుదాన్ని తీశాడు. అరచేతిలో కాసేపు వెచ్చబెట్టి బాకాకి తొడిగాడు. సబ్రియా అది చూసి తల దించుకున్నాడు.

అతను గడపనే చూస్తూ ఊదాడు. తెల్లబట్టలు గడప మీదికి వచ్చాయి, సగం లోపల, సగం బయట ఆగాయి, మోసేవాళ్ళు కాళ్ళు సర్దుకున్నారు. స్వరం విరగలేదు. పెళ్ళింట్లో ఎలా మోగుతుందో అలాగే మోగింది, పేటంతా, పొలాల దాకా. వీధిలో పోతున్న బండివాడు పెళ్ళనుకుని బండి ఆపాడట, తర్వాత టోపీ తీసేశాడు. గేటు దాటేదాకా ఊదాడు, కొండ ఎక్కేదాకా ఊదాడు. ఊపిరి ఆడక ముఖం నల్లబడింది గాని కళ్ళు పొడిగానే ఉన్నాయి. నా వెనక ఎవరో, "గుండె కాదు, రాయి," అన్నారు. వాళ్ళకి జవాబు చెప్పడానికి అప్పుడు నాకేం తెలుసు?

మట్టి కప్పాక జనం దిగిపోయారు. ఫజ్లియా కంచె పక్కన కూర్చుని, బాకా ఒళ్ళో పెట్టుకుని, ఏడుపు వస్తుందని ఎదురుచూశాడు. ఇక రావొచ్చు, ఒట్టు తీరిపోయింది. చాలాసేపు కూర్చున్నాడు. రాలేదు.

ఇంటికి వచ్చేసరికి ఆనిఫా చావు భోజనాల దగ్గర చిక్కుడుగింజల కూర వడ్డిస్తోంది. అతని ముందు పళ్ళెం పెట్టి, "బాగా ఊదావు," అంది. "ఒక్క స్వరం కూడా తడబడలేదు. పెళ్ళిలా ఊదావు. ఇక నీకు పెళ్ళిళ్ళ పిలుపులే పిలుపులు." ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, బట్టలు ఉతికేది, మాట మాత్రం లేదు.

పండగ వచ్చింది. పిలుపులూ వచ్చాయి. ఎగువ ఊరి పిల్ల తండ్రి వచ్చి, "ఫజ్లియా బావా, నీ కష్టం మాకు తెలుసు గానీ, గడప పాట ఒక్కటీ నువ్వే ఊదాలి," అని బతిమాలాడు. ఫజ్లియా సబ్రియాని పిలవమన్నాడు. ఇంకొకరు వచ్చారు, వాళ్ళతోనూ అదేమాట అన్నాడు. వంటింట్లోంచి ఆనిఫా వింటూనే ఉంది. మొదట మూడు రోజుల ముచ్చట అనుకుంది. ఒక పెళ్ళి వెళ్ళిపోయింది, ఇంకో పెళ్ళి వెళ్ళిపోయింది, బాకా గోడ దిగలేదు. చివరికి మజ్జిగ ఇవ్వడానికి వచ్చిన సబ్రియాని గుమ్మంలోనే నిలదీసింది.

"మీ అన్న పెళ్ళిళ్ళకి ఎందుకు రావడం లేదు?"

"ఎలా వస్తాడు వదినా? పెళ్ళిది కాటికి వెళ్ళిందిగా."

"పెళ్ళిదేంటి? చావుదాంతోగా ఊదింది?"

"నువ్వు వినలేదా ఆ స్వరం? చావుది అలా మోగుతుందా?"

ఆ పూట ఆమె ఏమి విన్నదో, ఏమి విననే లేదో ఆమెకే తెలియదు. ఇద్దరు పట్టుకుంటే నడిచింది. సబ్రియా ఇక దాచలేక ఒట్టు సంగతి చెప్పాడు, శీతకాలం సాధన సంగతి చెప్పాడు, నీకు చెప్పొద్దన్నాడని చెప్పాడు. ఆనిఫా గుమ్మానికి ఆనుకుని కిందికి జారిపోయింది. ఆ గడప మీదే కూర్చున్నానని తెలిసి మళ్ళీ లేచి పక్కకి జరిగింది.

ఫజ్లియా పెరట్లో ఉల్లి మడికి నీళ్ళు కడుతున్నాడు. ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏడ్చేవాణ్ణి."

"నేనన్న మాటలు..."

"పోనీలే."

"పోనీలే ఏంటి? కొట్టు నన్ను. తిట్టు." అతను పార పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆమె దగ్గరికి వచ్చి అతని చొక్కా పట్టుకుంది. "సరే, ఇప్పుడు ఏడు. ఎవరూ లేరు. పెళ్ళీ లేదు, పాటా లేదు. ఏడువయ్యా."

"రావడం లేదు ఆనిఫా," అన్నాడు. "కూర్చుని చూశాను. రావడం లేదు. దాని మొహం కూడా చూడలేదు నేను. పిలిచారు, వెళ్ళలేదు. ఏం గుర్తు చేసుకుని ఏడవను?"

అప్పుడు ఏడ్చింది ఆనిఫా ఒక్కతే. అతను ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, మడి నిండి నీళ్ళు కాళ్ళ మీదకి పారుతున్నా పట్టించుకోలేదు.

సబ్రియా ఊరుకోలేదు. అన్నకి ఇంకో పెళ్ళి మౌత్‌పీసు ఎంచాలని నీష్, లెస్కొవాట్స్ పట్నాల నుంచి ఒక సంచెడు పోగుచేసుకొచ్చాడు. పొద్దున్నే తండ్రి కూర్చోబెట్టినట్టే అన్నని కూర్చోబెట్టాడు. ఫజ్లియా ఒక్కొక్కటే పెదవులకి ఆనించి ఊది పక్కన పెట్టాడు. ఒకటి అంచు కోస్తోందన్నాడు, ఒకటి గాలి మింగుతోందన్నాడు, ఇంకొకటి బాగానే పలికితే బాగా పలుకుతోందని చెప్పి దాన్నీ పక్కన పెట్టేశాడు. సబ్రియాకి అర్థమై సంచి మూతి కట్టేశాడు.

ఎండాకాలం పోయి ద్రాక్షలు కోసే కాలానికి పక్క ఊళ్ళో ఒక గొర్రెలకాపరి ముసలాయన పోయాడు. మేళంలో ఒకడికి జబ్బు చేసి మనిషి తక్కువయ్యాడు. సబ్రియా మొహమాటపడుతూ అడిగితే, చావుదే కదా అని ఫజ్లియా వెళ్ళాడు. ఆ లోతు మౌత్‌పీసు పెదవులకి ఆనించి మొదటి ఊపిరి వదిలాడో లేదో, కళ్ళు కారడం మొదలైంది. ఏ అడ్డూ లేకపోయింది. ఆ మౌత్‌పీసు ఏడుపుని వద్దనదు. నీళ్ళు బుగ్గల మీంచి జారి అంచు మీదికి, పెదవుల మధ్యకి పోతున్నాయి. పెదవులు వాచాయి, వణికాయి, స్వరం పలుకుతూనే ఉంది. ముసలాయన కొడుకులు తండ్రిని మరిచిపోయి ఇతన్ని చూశారు. బాకా దించగానే కళ్ళు ఆరిపోయాయి. ఇంటికి వచ్చి ఎంత ప్రయత్నించినా ఒక్క చుక్క రాలేదు.

అప్పటినుంచి అతను చావులకే వెళ్ళాడు, ప్రతి చావుకీ ఏడ్చాడు. ఎవరి ముసలమ్మ పోయినా, ఎవరి తాగుబోతు బావమరిది పోయినా అలాగే ఏడ్చాడు. ఏడ్చే బాకా అని పేరొచ్చింది, దూరం ఊళ్ళనుంచి కూడా పిలిచారు. మా పేటలో అన్న మాటలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సొంత కూతురికి రాని ఏడుపు కూలికి వచ్చిందా అని కాఫీ కొట్లో అతని మొహం మీదే అన్నారు. అతను కాఫీ తాగి కప్పు బోర్లించి వెళ్ళిపోయాడు. ఒకసారి ఆనిఫా ఉండగా అన్నారు. అన్నవాడి కప్పులో కాఫీ వేడివేడిగా వాడి గడ్డం మీదే పడింది.

తర్వాత ఆమె కూడా చావులకి వెళ్ళడం మొదలుపెట్టింది. పిలిచినా పిలవకపోయినా, తెలిసినవాళ్ళైనా కాకపోయినా, నల్ల రుమాలు కట్టుకుని మేళం వెనక బయల్దేరేది. అతని పెదవులకి ఇప్పుడు వెన్న రాసేది కాదు, ఆ మౌత్‌పీసుకి అవసరం లేదు. గుంపులో అతని మొహం కనబడే చోటు చూసుకుని నిలబడేది. అతని కళ్ళు తడిశాకే ఆమె కళ్ళు తడిసేవి. ఇంట్లో ఒకరి ఎదుట ఒకరు కూర్చుంటే ఇద్దరికీ రాదు. ఇద్దరూ కలిసి బిడ్డ కోసం ఏడవడానికి వాళ్ళకి పరాయివాళ్ళ చావులు తప్ప వేరే చోటు లేకపోయింది.

ఒక శీతకాలం కొండ అవతలి ఊళ్ళో ఎనభై దాటిన ఒక రైతు పోయాడు. నిండు మనిషి, మనవలు మునిమనవలు ఉన్నారు, ఎవరూ అంతగా ఏడవడం లేదు. మంచులో నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తున్న ఈ తెలియని ఆడమనిషిని చూసి ఇంటి కోడలు దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నేను గుర్తుపట్టలేదు మిమ్మల్ని. మా మామగారు మీకేమవుతారు?"

"ఏమీ కారమ్మా," అంది ఆనిఫా, బాకా వైపు నుంచి కళ్ళు తిప్పకుండా. "నేను మా అమ్మాయి కోసం వచ్చాను."

ఆ కోడలు లోపలికి వెళ్ళి ఒక శాలువా తెచ్చి ఆమె భుజాల మీద కప్పి, బాకా ఆగేదాకా పక్కనే నిలబడింది.